ల్యాబుకెళ్లే దిమ్మలు

ఆరో దిమ్మ ఎక్కించేసరికి ఆటో వెనకభాగం కుంగిపోయింది.

“ఏటమ్మా ఇవి? ఇంకా మూడున్నాయా? నా బండి నడుం ఇరిగితే డబ్బులెవలిత్తారు?” అన్నాడు డ్రైవరు, సీటు దిగకుండానే.

“బండికి నడుముంటాదేటి బాబూ? నడుం మాకుంటాది. ఒక్కోటి ఎనిమిది కిలోలు. దిగి ఒక సెయ్యెయ్యి,” అంది పైడితల్లి.

డ్రైవరు నవ్వాడు గాని దిగలేదు. మిగిలిన మూడు దిమ్మలూ తల్లీకూతుళ్లే ఎత్తారు. పదకొండు గంటల ఎండ కొమ్మాదిలో మేడ కడుతున్న సైటు మీద తెల్లగా పడుతోంది. నీళ్లతొట్టిలోంచి అప్పుడే తీసిన కాంక్రీటు దిమ్మలు గోనెసంచుల మధ్య తడితడిగా ఉన్నాయి. వాటి మీద కూతురు హిమబిందు ఎర్రరంగుతో వేసిన గుర్తులు: ఏ, బి, సి. ఒక్కో అక్షరానికి మూడేసి దిమ్మలు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానాయి. ఇవాళ కాలేజీలో మిషను కింద పెట్టి పగలగొట్టాలి. ఎంత ఒత్తిడికి పగిలాయో రాసుకోవాలి.

పైడితల్లి ఆ సైట్లోనే కూలీ. రోజుకి అయిదొందల యాభై. సగం పూట సెలవు పెట్టింది కాబట్టి ఇవాళ సగమే వస్తుంది. ఆటోకి నాలుగొందలు. ఆమె భర్త కొండలరావు పారాదీప్‌లో వెల్డింగు పని చేస్తాడు. రెండు నెలలకోసారి డబ్బు వస్తుంది, ఆరునెలలకోసారి మనిషి వస్తాడు.

హిమబిందుది ఎంటెక్ రెండో ఏడు. సిమెంటు తయారు కావాలంటే బట్టీల్లో బొగ్గు మండాలి, ఊళ్లకి ఊళ్లు పొగ పీల్చాలి. ఉక్కు కొలిమిలో మిగిలిపోయిన స్లాగును మెత్తగా మరపట్టి సిమెంటు బదులు కలిపితే ఆ పొగ కొంత తగ్గుతుంది. ఎంతవరకూ కలిపితే కట్టడం నిలుస్తుంది, ఎక్కడ దాటితే నిలవదు అన్నది ఆమె తేల్చాల్సిన విషయం. ‘ఏ’ దిమ్మల్లో సగం స్లాగు, బి దిమ్మల్లో అరవై శాతం, సి దిమ్మల్లో డెబ్బై. ల్యాబులో నీడపట్టున పోసినవి వద్దు, నిజమైన సైట్లో కూలీల చేతుల మీదుగా పోసినవి కావాలని గైడు అనూరాధ మేడమ్ పట్టుబట్టింది. అలా తల్లి పనిచేసే సైటు కూతురి థీసిస్‌లోకి వచ్చింది. స్లాగు సంచి గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చిన రోజున పైడితల్లి ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసింది. “మైదాపిండిలాగుంది. దీంతో మేడలు కడతారా, పూరీలు సేత్తారా?” అంది.

ల్యాబులో గురునాథరావు ఒక్కొక్క దిమ్మనీ మిషను పళ్లెం మీద పెట్టి లీవరు తిప్పాడు. ముప్పై ఏళ్లుగా దిమ్మలు పగలగొడుతున్న మనిషి. శబ్దం రాకముందే తల పక్కకి తిప్పేస్తాడు. మేడ స్లాబుకి మిషను ముల్లు ముప్పై మెగాపాస్కల్స్ చూపిస్తే చాలు. ‘ఏ’ దిమ్మలు ముప్పై తొమ్మిది దగ్గర పగిలాయి. బి దిమ్మలు ముప్పై నాలుగు. సి దిమ్మలు ఇరవై ఎనిమిది దగ్గర పోతాయని హిమబిందు అంచనా. ముల్లు ఇరవై ఎనిమిది దాటింది. ముప్పై నాలుగు దాటింది. నలభై ఒకటి దగ్గర దిమ్మ ఫట్‌మంది. రెండోది, మూడోది కూడా అక్కడికక్కడే.

“ఏటమ్మా, సిమెంటు తగ్గించిన కొద్దీ బలమొత్తంటే ఇంక సిమెంటెందుకు, ఉత్త ఇసకతో కట్టేద్దుం,” అన్నాడు గురునాథరావు. మిషను ఒకసారి ఖాళీగా తిప్పి చూశాడు. మిషను బాగానే ఉంది.

అనూరాధ మేడమ్ ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. “సైటు వాతావరణం కలిసొచ్చి ఉంటుంది. సముద్రపు తేమ. దీని మీద పేపరు రాస్తే ఏ జర్నలైనా వేసుకుంటుంది,” అంది. సోమవారం థీసిస్ ఇవ్వడానికి ఆఖరు రోజు. సైటు కంపెనీవాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారట. డెబ్బై శాతం నిలుస్తుందని రిపోర్టు చేతికొస్తే నాలుగో అంతస్తు నుంచి అదే పోస్తారు, పర్యావరణానికి మేలు చేసే మేడ అని గేటుకి ఆకుపచ్చ బోర్డు తగిలించుకుంటారు. హిమబిందుకి ఇస్తామన్న నెలకి ఇరవై రెండు వేల ఉద్యోగం కూడా ఆ కంపెనీలోనే.

“సరే మేడమ్,” అంది హిమబిందు. ఆ అంకెను నోట్‌బుక్కులో రాసింది. రాసిన తరువాత ఖాయమన్నట్టు దాని కింద గీత గీయలేకపోయింది.

సాయంత్రం ఆరింటికి కుళాయి వచ్చింది. మధురవాడలో వాళ్లున్న గది ముందు నలుగురు ఆడవాళ్లు నీళ్లు పట్టుకుని వెళ్లాక పైడితల్లి వంతు వచ్చింది. హిమబిందు గడప మీద కూర్చుని నోట్‌బుక్కు చూస్తోంది.

“మేడమ్ మెచ్చుకున్నాదన్నావు. మరి మొగమేటి అలగెట్టినావు?”

“సి దిమ్మలు అంత రాకూడదమ్మా.”

“రాకపోతే ఏడుపు, వొత్తే ఏడుపు. నీ సదువేటో నాకు తెలీదే.”

“అచ్చుల్లో పోసిన రోజు మూడోసారి, సి మాలు కలిపినప్పుడు నాకు ఫోనొచ్చింది. మెట్ల మీదకెళ్లినాను. అప్పుడెవలైనా ముట్టుకున్నారా?”

“నానుండగా ఎవలు ముట్టుకుంటారు?” పైడితల్లి బిందె జరిపి రెండోది పెట్టింది. “అవి పగలవని నాకు తెలుసు. నా సెయ్యి పడింది కదా.”

“సెయ్యి పడ్డమంటే?”

“రెండు దోసిళ్ల సిమెంటేసినాను. ఏసి బాగా కలిపినాను.”

హిమబిందు పెన్నుకి మూత పెట్టింది.

“ఎందుకేసినావు?”

“నువ్వే అన్నావు కదేటి, ఇది ఫెయిలైపోద్దని. సైటు ఇంజనీరు సుమంత్ సారుతో అంతంటే ఇన్నాను. ఫెయిలైపోతంటే సూత్తూ కూకోమంటావా? పదకొండేళ్ల బట్టి ల్యాబుకెళ్లే దిమ్మలు నానే పోత్తన్నాను. ఒక్కటంటే ఒక్కటి ఫెయిలవ్వలేదు. ఏ సైట్లోనన్నా అడుగు.”

ఆ మాటలో గర్వం ఉంది. అది అబద్ధం కాదు. స్లాబు పోసే రోజున సైటు ఇంజనీరు ఇనుప అచ్చులు తెచ్చి, “పైడితల్లీ, ల్యాబు దిమ్మలు నువ్వే పొయ్యి,” అంటాడు. పక్కన విప్పిన సిమెంటు బస్తా ఉంటుంది. టీకి యాభై రూపాయలిస్తాడు. సైటు మారినా, ఇంజనీరు మారినా ఆ పని ఆమెదే. పెళ్లివారింట్లో ఫలానా మనిషి చేతి పులిహోర అన్నట్టు పైడితల్లి చేతి దిమ్మ అనేవారు.

“స్లాబులో కూడా ఏత్తావా ఆ రెండు దోసిళ్లు?” అంది హిమబిందు.

“స్లాబుకెందుకు? అది ల్యాబుకెళ్దు కదా.”

హిమబిందు నోట్‌బుక్కు మూసింది.

“స్లాబు ల్యాబుకి రాలేదు కాబట్టే దాని బదులు దిమ్మొత్తాదమ్మా. స్లాబెంత గట్టిగుందో అది సెప్పాలి. నాను పోయించినవి ఫెయిలైతే ఫెయిలని రాసుకుంటాను. డెబ్బై వొద్దు, అరవై కాడ ఆగండని సెప్తాను. నా సదువు అదే. ఇప్పుడు నలభై ఒకటని రాత్తే రేపు ఆళ్లు డెబ్బైతో స్లాబు పోత్తారు. దాంట్లో నీ దోసిళ్లుండవు.”

పైడితల్లి బిందె వదిలేసి కూతురి వైపు తిరిగింది.

“అయితే నానిన్నాళ్లూ పోసినవి?”

“ఆ మేడల గట్టి ఎంతో ఎవలికీ తెలీదు.”

“రోడ్డు మలుపులో అయిదంతస్తులది?”

“తెలీదు.”

“మొన్నటేడు కట్టిన స్కూలో?”

“తెలీదమ్మా.”

“కూలిపోతాయేటే?”

“కూలిపోతాయనడం నేదు. తెలీదంటన్నాను.”

బిందె నిండి నీళ్లు గడప కిందికి పారుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కుళాయి కట్టేయలేదు. వెనక వాటావాళ్ల మనిషి వచ్చి, “ఊరందరి నీళ్లూ ఇక్కడే పారబోత్తన్నారా!” అని విసుక్కుని కట్టేసి పోయింది.

మర్నాడు శనివారం. హిమబిందు చెప్పిందంతా అనూరాధ మేడమ్ అడ్డు రాకుండా వింది. విన్నాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. నిన్నటి ఉత్సాహం ముఖంలో లేదు. ప్రమోషన్ కోసం ఆమెకి ఒక పేపరు కావాలి. గత రెండేళ్లలో ఇద్దరు విద్యార్థులు మధ్యలో మానేసిపోయారు.

“నాకు చెప్పకుండా ఉండాల్సింది,” అంది చివరికి. “మీ అమ్మ చెప్పింది డేటా కాదు హిమబిందూ. మిషను చూపించింది డేటా.”

“ఆ అంకె చూసి వాళ్లు స్లాబులు పోస్తారు మేడమ్.”

“వాళ్లకి వాళ్ల ఇంజనీర్లున్నారు. టెస్టులు చేయించుకుంటారు.”

“ఆ టెస్టులకి దిమ్మలు పోసేది మా అమ్మే మేడమ్.”

మేడమ్ కిటికీ వైపు తిరిగింది. కిటికీ అవతల ఎవరో జూనియర్లు పగిలిన దిమ్మల ముక్కల్ని తోపుడుబండిలో తీసుకెళ్తున్నారు.

“సి వరస ఖాళీగా వదిలేస్తాను. పోసేటప్పుడు అదనంగా సిమెంటు కలిసింది, అందుకని లెక్కలోకి తీసుకోలేదు అని కింద రాస్తాను. అమ్మ పేరు రాయను.”

“మూడింట ఒక వంతు ఖాళీగా ఉన్న థీసిస్ మీద నేను సంతకం పెట్టలేను. మళ్లీ పోసి, ఇరవై ఎనిమిది రోజులు ఆగి, వచ్చే సెమిస్టర్‌లో ఇవ్వాలి. ఫీజు మళ్లీ కట్టాలి. ఆ ఉద్యోగం అప్పటిదాకా ఆగదు. ఆలోచించుకో.”

“ఖాళీగానే ఉంచుతాను మేడమ్.”

ఆ మాట తనే అన్నదో ఎవరన్నా అన్నారో హిమబిందుకి తెలియలేదు. బస్సెక్కి ద్వారకా నగర్‌లో దిగింది. బైండింగు షాపులో అయిదు కాపీలకి ఇచ్చిన ఆర్డరు వద్దని చెప్పింది. అడ్వాన్సు తిరిగిరాదని షాపతను అంటే తలూపింది. పక్కన కోచింగ్ సెంటర్ మెట్ల మీద పిల్లలు పునుగులు తింటూ గొడవగా నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు తనకీ వాళ్లకీ మధ్య అద్దం ఉన్నట్టు వినిపించింది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే తల్లికి చెప్పేసింది. “సంతకం పెట్టలేదు. ఆర్నెల్లు పడతాది. ఆ ఉద్యోగం రాదు.”

పైడితల్లి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

“నా వల్లేనా?”

“నీ వల్లే.”

చాట కదులుతూనే ఉంది. చాలాసేపటికి హిమబిందు, “నీ ఒక్కదాని వల్లే కాదు,” అంది. ఆ రెండో మాట పైడితల్లి విన్నదో లేదో తెలియదు. అన్నం వండింది. ఇద్దరూ తిన్నారు. ఆదివారం బట్టలుతికింది. హిమబిందు వాటిని ఆరేసింది. ఎవరి ముఖంలోనూ కోపం లేదు.

సోమవారం మూడో అంతస్తు స్లాబు. ఎనిమిదింటికే కాంక్రీటు లారీ డ్రమ్ము తిప్పుకుంటూ వచ్చి గేటు లోపల నిలబడింది. కూలీలు ఇరవై మంది. పైడితల్లి కొంగు నడుముకి బిగించి తట్ట అందుకుంది.

సైటు ఇంజనీరు సుమంత్ ఇరవై ఆరేళ్లవాడు. ముఖం చిరాగ్గా ఉంది. మూడు ఇనుప అచ్చులు తెచ్చి ఆమె ముందు వరసగా పెట్టాడు.

“మీ అమ్మాయి రిపోర్టు ఇవ్వనందట. హెడ్డాఫీసు నుంచి నాకు ఫోన్లు. నువ్వేమన్నా వాగావా?”

“నానేటి సెప్తాను బాబూ. సేసింది సెప్పినాను.”

“సరే, అది తరవాత చూద్దాం. ముందు ఇవి పొయ్యి. బస్తా అక్కడ విప్పించాను.”

పైడితల్లి లారీ దగ్గరికి వెళ్లింది. లారీ వెనక రేకుదోనెలోంచి స్లాబు కోసం జారుతున్న కాంక్రీటు కింద తట్ట పెట్టి నింపుకుని వచ్చింది. సిమెంటు బస్తా పక్కనుంచే వచ్చింది గాని ఆగలేదు. అచ్చుల ముందు గొంతుక్కూర్చుంది.

“బస్తా కనబడలేదా?” అన్నాడు సుమంత్.

“కనబడింది.”

“మరి?”

ఆమె తాపీతో మొదటి అచ్చు నింపబోయింది. సుమంత్ విసురుగా వెళ్లి బొచ్చెడు సిమెంటు తెచ్చి ఆమె తట్టలో గుమ్మరించాడు. బూడిదరంగు పొడి లేచి ఆమె ముఖాన పడింది.

పైడితల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తట్ట ఎత్తి ఉన్నదంతా నేల మీద ఒంపేసింది. తొట్టి దగ్గర తట్ట కడిగి, దులిపి, మళ్లీ లారీ దగ్గరికి నడిచింది.

“ఏటప్పా, మళ్లీనా? ఎంత?” అన్నాడు లారీవాడు పైనుంచి.

“స్లాబుకి పోత్తన్నదే. మూడు దిమ్మలకి సరిపడ.”

పని ఆగిపోయింది. నిచ్చెన మీద తట్టలు అందిస్తున్న వరస నిలబడి చూస్తోంది. సుమంత్ చుట్టూ చూశాడు. “గంగాలమ్మా, నువ్వు రా. ఈ దిమ్మలు నువ్వు పొయ్యి. యాభై కాదు, వంద ఇస్తాను,” అని కేకేశాడు.

గంగాలమ్మ వరసలో నాలుగో మనిషి. తల మీది చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుంది. సుమంత్‌ని చూసింది, పైడితల్లిని చూసింది. ముందుకి రాలేదు, వెనక్కీ పోలేదు.

పైడితల్లి అచ్చులో మొదటి పొర పోసి ఇనుపకడ్డీ తీసుకుంది. పొరకి ముప్పై అయిదు పోట్లు. పైకే లెక్కపెడుతోంది.

“ఒకటి. రెండు. మూడు.”