కిటికీ లేని గది

నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ణి. నేను కట్టిన గోడకి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. అలాంటిది, ఒక డబ్బాడు ప్లాస్టిక్ బొమ్మ ఇటుకల ముందు చేతులెత్తేస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఆ ఇటుకలు మా మనవరాలివి. దానికి ఏడేళ్లు. అందరం పిడుగు అనే పిలుస్తాం గానీ, సెలవుల్లో దాన్ని చూసుకోవడానికి నేను వచ్చిన ఈ వారం రోజులూ ఇంట్లో పిల్లిలా తిరుగుతోంది. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. రెండు నెలలుగా రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. ఆ రోజు పొద్దున ఇంటికి వస్తూనే మంచం కింద డబ్బా చూసి విసుక్కుంది.

"దీని మూత తీసి రెండు నెలలైంది నాన్నా. మా వార్డు ఆయా కొడుకు ఇలాంటివాటికి ప్రాణం పెడతాడు. సాయంత్రం పట్టుకెళ్లి వాడికిచ్చేస్తా."

"నేను ఆడుకుంటానమ్మా" అంది పిడుగు, వినీ వినపడకుండా.

"అయితే నేను లేచేసరికి ఏదో ఒకటి కట్టి చూపించు. అప్పుడు డబ్బా నీదే" అని మా అమ్మాయి గదిలోకెళ్లి తలుపేసుకుంది.

పిల్ల మొహం చూస్తే నాకు జాలేసింది. నేనుండగా ఈమాత్రానికి దిగులేమిటని డబ్బా ఎత్తి నేలమీద బోర్లించబోయాను. అది రెండు చేతులతో నా మణికట్టు పట్టేసుకుంది. "మెల్లగా తాతయ్యా!" అంటూ దుప్పటి తెచ్చి పరిచింది. దానిమీద సగం ఇటుకలు గుప్పెడు గుప్పెడే తీసి పెట్టాం.

"ఏం కడదామే?"

"తెలీదు. ఎలా కట్టాలో చూపించే బొమ్మల కాగితం చిరిగిపోయింది."

"కాగితంతో మనకేం పని? వంతెన కడదాం."

"ఊఁ."

"పోనీ, నీళ్ల ట్యాంకు?"

"ఊఁ."

బస్టాండు, మేడమెట్లు, కోళ్లగూడు... నేను కట్టినవీ కట్టనివీ అన్నీ చెప్పాను. అన్నిటికీ అదే ఊఁ. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇలా లాభం లేదని నేనే మొదలుపెట్టి, అతుకు మీద అతుకు పడకుండా నాలుగు వరసలు లేపాను. గోడ చూడముచ్చటగా వచ్చింది. తలెత్తి చూస్తే పిల్ల వాళ్లమ్మ గది తలుపుకేసి చూస్తోంది. అప్పటికే పన్నెండు దాటింది.

"ఎవరి కోసమే నేనిదంతా కడుతోంది?" అన్నాను, గొంతు తగ్గించే గానీ కోపంగానే.

అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆ మాట అడక్కుండా ఏనాడైనా పునాదికి ముగ్గు పోశానా నేను? ఇంట్లో ఎవరెవరుంటారు, ఎవరు ఎన్నింటికి లేస్తారు, మెట్లెక్కలేనివాళ్లున్నారా... ఇవన్నీ ఇంటివాళ్ల నోట విన్నాకే పని మొదలుపెట్టేవాణ్ణి. ఇక్కడ ఇంటావిడ ఎదురుగా కూర్చునుంటే ఒక్క ముక్క అడక్కుండా నాలుగు వరసలు లేపేశాను. సిగ్గేసింది. గోడ ఊడదీశాను.

"చెప్పండి మేడమ్‌గారూ, ఈ ఇంట్లో ఎవరెవరుంటారు?"

ఆ పిలుపుకి పొద్దుట్నించీ మొదటిసారి నవ్వింది. "అమ్మా, నేనూ."

"మరి నేనో?"

"నువ్వు మేస్త్రీవి కదా!"

"సరే, మీ అమ్మగారు ఎప్పుడు పడుకుంటారండీ?"

"పగలు."

"ఆవిడ గది ఎక్కడ పెట్టమంటారు? వీధివైపా?"

"వద్దొద్దు, బండ్ల మోత. వెనకాల పెట్టు." కాసేపు ఆలోచించింది. "కిటికీ వద్దు, వెలుతురొస్తుంది. తాతయ్యా, గోడ లోపల ఇంకో గోడ పెట్టచ్చా?"

"బ్రహ్మాండంగా పెట్టచ్చు."

ఇక దాని చేతులు ఆగలేదు. నేను ఇటుకలందించే కూలీనయ్యాను. అది అతుకు మీద అతుకు వేసుకుంటూ పోతోంది; ప్రాణం ఉసూరుమన్నా నోరు మూసుకుని ఊరుకున్నాను. అమ్మ గది అయ్యాక, దానికి బాగా దూరంగా, వీధివైపు మూలన ఇంకో చిన్న గది కట్టింది.

నాలుగింటికి మా అమ్మాయి జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఇది నీ గది" అంది పిడుగు. "కిటికీ లేదు. రెండు గోడలు."

"మరి ఆ మూలనున్నదో?"

"అది నేనాడుకునే గది. అక్కడైతే డబ్బా ఎంత గట్టిగా పోసినా నీకు వినపడదు. నీకు మెలకువ రాదు."

మా అమ్మాయి నావైపు చూసింది. నేను నేలకేసి చూశాను. రెండు నెలలుగా ఆ మూత ఎందుకు తియ్యలేదో అప్పటికి గానీ మా బుర్రలకి ఎక్కలేదు.

మా అమ్మాయి కూతురి పక్కన చతికిలపడింది. డబ్బాలో ఇంకా సగం ఇటుకలున్నాయి. డబ్బా రెండు చేతులతో ఎత్తి, దుప్పటి లేనిచోట, వట్టి నేలమీద బోర్లించేసింది. ఇల్లంతా గలగలా మోగిపోయింది.

పిడుగు ఉలిక్కిపడి, అలవాటుకొద్దీ గది తలుపుకేసి చూసింది.

"అటు కాదే, ఇటు చూడు. నేను లేచే ఉన్నాను" అంది మా అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ. "ఊఁ, చెప్పు, ఇప్పుడేం కడదాం?"