పేరు పెట్టి చేసిన ప్రార్థన

నెత్తురు సీసాలున్న ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా అడ్డంగా చెయ్యి వేసి, లిదియమ్మ ఆత్మకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నల్లగా, ఎండిన తుమ్మమొద్దులా ఉండే మనిషి. మెడలో చిన్న శిలువ, కాళ్లకు రబ్బరు చెప్పులు. భర్త పోయాక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చాకిరీ చేసి, ఈమధ్యే ఎయిడ్స్ పరిశోధనలో ఇల్లిల్లూ తిరిగే పనిలో కుదిరింది. చదువుకున్న పిల్లలు వెళ్లి అడిగితే మొహాన తలుపేసిన ఉదయగిరి జనం, ఆమె అడిగితే చెయ్యి చాపారు. చాపరా మరి? ఆ వీధుల్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే.

నీ పేరు ఎక్కడా ఉండదు, నెంబరే ఉంటుందని ఆమె అందరికీ మాటిచ్చింది. అది అబద్ధమేం కాదు. ఆత్మకూరు ఆఫీసులో కంప్యూటరుకి ఏసీ గది, తలుపుకి రెండు తాళాలు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. పాస్‌వర్డ్ ఆ పరిశోధన నడిపే సురేంద్రబాబు సారుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అయితే, తేడా వచ్చిన నెంబర్లకు రెండోసారి నెత్తురు తెమ్మని సారు ఆమెకే చెప్పాలి కదా. ఏ నెంబరు ఏ ఇల్లో ఆమెకు తెలుసు. ఫలితం మాత్రం ఆ మనిషికి చెప్పకూడదట. ఇది పరిశోధనే గాని వైద్యం కాదట. నెత్తురిచ్చినవాళ్లకే చెప్పకపోవడమేమిటని లిదియమ్మకు ఒళ్లు మండేది.

ఇడ్లీలమ్ముకునే సుకుమారికి రెండోసారి సూది గుచ్చిన నాటి నుంచి లిదియమ్మకు ముద్ద దిగలేదు. సుకుమారి మొగుడు లారీ డ్రైవరు, నిరుడే పోయాడు. చంకలో పిల్ల. ఎవరితో చెప్పుకోవాలి? శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన కూటంలో, కష్టంలో ఉన్నవాళ్లను పేరుపేరునా దేవుడి ముందు పెట్టడం వాళ్ల అలవాటు. ఆ వారం సుకుమారి రాలేదు. లిదియమ్మ వంతు వచ్చింది. కళ్లు మూసుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. ప్రభువా, మా సుకుమారి నెత్తుట్లో చేరిన ఆ మాయదారి రోగాన్ని తీసెయ్యి తండ్రీ అని పైకే అనేసింది. ఆమేన్ అన్నవాళ్లు లేరు. కళ్లు తెరిస్తే అందరూ ఆమెనే చూస్తున్నారు.

మర్నాటి నుంచి సుకుమారి ఇడ్లీలు ఒక్కరూ కొనలేదు.

బస్సు కదలబోతుండగా సుకుమారి కిటికీ దగ్గరికి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు.

"నాకు చెప్పని మాట, దేవుడికి అందరి ముందరా ఎట్టా చెప్పినావక్కా?"

బస్సు కదిలింది.

ఆత్మకూరులో సారు ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. తన పని పోయినా ఫరవాలేదు, సుకుమారికి మందో మాకో ఇప్పించమని, పెద్దవాళ్లెవరైనా వచ్చి ఊళ్లో నచ్చజెప్పమని బతిమాలింది. సారు మంచివాడే, కసురుకోలేదు. ఒకసారి కంప్యూటరు వైపు చూశాడు.

"మన దగ్గర్నుంచి పోలేదు గదా లిదియమ్మా. డేటా భద్రంగానే ఉండాది."

మందు సంగతి ఎత్తలేదు. సీసాలు దింపుకుని ఖాళీ పెట్టె ఇచ్చి పంపాడు.

పొద్దుగూకే వేళకు ఉదయగిరిలో దిగి, ఇంటికైనా పోకుండా సుకుమారి గుమ్మానికి వెళ్లింది. కాళ్లు పట్టుకుందామనే వెళ్లింది. తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్లను చంకనేసుకుని, చిన్న మూటతో మధ్యాహ్నం సీతారామపురం బస్సెక్కిందని ఎదురింటి ఓబమ్మ దూరం నుంచే చెప్పింది. సీతారామపురంలో సుకుమారికి నా అన్నవాళ్లు లేరు. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగలేదు.

లిదియమ్మ గడపలోనే కూలబడింది. లోపల, తెల్లారైనా ఎవరన్నా రాకపోతారా అని రాత్రి రుబ్బి పెట్టుకున్న పిండి పులిసి పొంగి, మూతను పక్కకు నెట్టి, గిన్నె అంచుల వెంబడి నేల మీదికి కారుతోంది.