ముత్యాలమ్మ అడిగిన మాట

రాజకుమారికి స్టాఫ్ నర్సు పోస్టింగు వచ్చిన నెలకి ఉమామహేశ్వరి టీచరు ఫోను చేశారు. అరకు దగ్గరి గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకి ఇప్పుడామె హెడ్‌మిస్ట్రెస్. రాజకుమారికి తొమ్మిదిలో లెక్కలు చెప్పారు.

"ఈ ఏడు మన పిల్లలు నలుగురికి ఉద్యోగాలొచ్చాయే. ఒకతి ఫారెస్టులో బీటాఫీసరు, ఒకతి బ్యాంకులో, ఒకతి డీఎస్సీ కొట్టింది. నువ్వేమో నర్సువి. ఆదివారం మీకు సన్మానం. నువ్వు రాకపోతే నేను ఊరుకోను."

బడి వదిలిన పదేళ్ళలో రాజకుమారి ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. ఈసారి చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఆమె భయమల్లా వంటమనిషి ముత్యాలమ్మ గురించే. ముత్యాలమ్మ కూతురు చిట్టి, రాజకుమారి ఒకే తరగతి, పక్కపక్క మంచాలు. తొమ్మిదో తరగతి డిసెంబరులో చిట్టి జ్వరంతో చనిపోయింది. తర్వాత పై అధికారులు తల్లికి అదే హాస్టల్లో వంటపని ఇప్పించారు. పదో తరగతి ఏడాదంతా ఆమె వడ్డించిన అన్నాన్ని రాజకుమారి తల దించుకుని తిన్నది.

ఆదివారం జీపు దిగేసరికి ఇంకా ఎవరూ రాలేదు. వంటశాల గడప మీద ముత్యాలమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. జుట్టు బాగా నెరిసింది. చూడగానే గుర్తుపట్టింది.

"రాజకుమారివి కదూ! రాయే గుంటా, కూకో. నర్సువైపోనావట. టీచరమ్మ సెప్తే నాకు ఎంత సంతోసమేసిందో."

రాజకుమారి పక్కన కూర్చుని తనూ నాలుగు చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకుంది. ముత్యాలమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఈ వయసుకి తన బిడ్డ ఎలా ఉండేదోనని చూస్తున్నట్టుంది.

"నీకాడ ఒకటి అడగాలని ఎప్పటి నుంచో ఉన్నాది. డాట్రుల్ని అడగలేను, టీచరమ్మని అడిగితే ఏడిసేస్తాది. నువ్వు సదువుకున్నావు, అప్పుడు దాని పక్కన ఉన్నావు. దానికి ఏటొచ్చింది? బతికీదా?"

నర్సింగు రెండో ఏడులో మలేరియా పాఠం విన్న రోజే రాజకుమారికి ఆ జవాబు తెలిసింది. వేలికొస నుంచి ఒక చుక్క రక్తం, పావుగంట సమయం, మూడు రోజుల మాత్రలు. ఆ రోజు క్లాసు మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయింది. తర్వాత ఎన్ని పరీక్షలు పాసైనా, చేతికి ఆర్డరు వచ్చినా, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

తెలీదనేస్తే సరిపోయేది. అనలేకపోయింది.

"మలేరియా పిన్నీ. మెదడుకి ఎక్కేసింది. ముందే తీసుకెళ్తే బతికేది."

ముత్యాలమ్మ చేతులు ఆగిపోయాయి.

"ముందే అంటే?"

"మూడు రోజుల ముందే జ్వరం వచ్చింది. నాకు తెలుసు. దుప్పటి కింద వణికిపోయేది. చలికాలం కదా, అందరం వణుకుతున్నాం, టీచర్లకి అనుమానం రాలేదు. చెబుతానంటే నా చెయ్యి పట్టుకుంది. హాఫ్ ఇయర్లీ పరీక్షలు అయిపోయాక తనే చెబుతానంది. ఫస్టు ర్యాంకు పోతుందని భయం. నా దుప్పటి కూడా దానికే కప్పాను గానీ నోరు విప్పలేదు. నాలుగోరోజు పరీక్ష రాస్తూ పడిపోయింది. నేను చెప్పి ఉండాల్సింది పిన్నీ."

ముత్యాలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఒళ్ళో చిక్కుడుకాయల్ని చేటలోకి ఎత్తిపోసింది.

"దాని ఆయుస్సు అంతే అనుకున్నాను. దేవత తీసుకుపోనాది, మనమేటి సేత్తాం అనుకున్నాను. పదకొండేళ్ళు అదే అనుకుని బతికాను. నువ్వు ఇంత సదువు సదివొచ్చి అది కూడా నాకు లేకుండా సేసేసినావు."

లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

మధ్యాహ్నం సభ జరిగింది. మైకులో ఒక్కొక్కరి పేరూ, ఉద్యోగమూ చదువుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉమామహేశ్వరి టీచరు రాజకుమారికి శాలువా కప్పి, పిల్లలకి నాలుగు మంచిమాటలు చెప్పమన్నారు. ముందు వరసలో చిన్నపిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఒంట్లో బాగోకపోతే..." అని మొదలుపెట్టింది రాజకుమారి. "పరీక్షలున్నా సరే, ఎవరు వద్దన్నా సరే, టీచరుకి చెప్పేయండి. మీకైనా, మీ పక్కమంచం పిల్లకైనా." అంతే చెప్పి మైకు ఇచ్చేసింది. టీచరు తల పక్కకి తిప్పుకున్నారు. భోజనాల దగ్గర ముత్యాలమ్మ కనిపించలేదు.

పదిరోజుల తర్వాత టీచరు మళ్ళీ ఫోను చేశారు. "ముత్యాలమ్మ పని మానేసి ఊరెళ్ళిపోయిందే. ఎంత అడిగినా ఏమీ చెప్పలేదు."

రాజకుమారి సెలవు పెట్టి బయల్దేరింది. రోడ్డు దిగాక గంట నడక. కాఫీతోటలో ముత్యాలమ్మ పండ్లు కోస్తోంది. నడుముకి బుట్ట కట్టుకుని ఉంది. అలికిడికి తిరిగి చూసి మళ్ళీ కొమ్మ వంచింది.

"టీచర్లనేమీ అనను. నిన్నూ అనను," అంది ఎర్రటి పండ్లు బుట్టలో వేస్తూ. "గానీ ఆ వంటశాలలో ఉండలేను. అక్కడ పిల్లలకి అన్నం ఎడుతుంటే, నా గుంట ఆ మూడు రోజులు తిందో లేదో అని అదే గుర్తొత్తాది."

రాజకుమారి నిలబడే ఉంది.

"ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు జీపులో దాని తల నీ ఒళ్ళోనే కదా ఉన్నాది," అంది ముత్యాలమ్మ చేతులు ఆపకుండానే. "నన్ను అడిగిందా?"

ఆ రోజు అనంతగిరి ఘాటు దిగుతుండగా చిట్టి కలవరించింది లెక్కల సూత్రాలు. ముక్కలు ముక్కలుగా, తప్పుల తడకగా. ఆఖరికి అవి కూడా ఆగిపోయాయి. అమ్మ అన్నమాట ఆ నోటి నుంచి రాలేదు.

"అడిగింది పిన్నీ. అమ్మ ఏదీ అని రెండుసార్లు అడిగింది."

ముత్యాలమ్మ కొమ్మ వదిలేసింది. అక్కడే మట్టిలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, పదకొండేళ్ళ కిందట ఏడ్చినట్టే ఏడ్చింది. రాజకుమారి పక్కన కూర్చుంది. ఆమె భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది. వేసే ధైర్యం చాల్లేదు.