అన్నయ్య కొలత

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచీ అన్నయ్య షెడ్డు గుమ్మం తొక్కలేదు. వసారాలో కుర్చీ వేసుకుని, ఆ చేతిని పరాయివాళ్ళ వస్తువులా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అతని వడ్రంగం ఎరిగినవాళ్ళు ఆ కూర్చోవడం చూడలేక తల తిప్పుకుని పోయేవాళ్ళు. షెడ్డులో అతను సగం చేసిన అలమర ఒకటి సొరుగుల్లేకుండా నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంది.

చెల్లెలు మోటార్లు బాగుచేస్తుంది. వీధి వీధంతా మోటారమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! ఒకనాడు ఆవిడ పాత జిరాక్సు మిషన్లలోంచి పీకిన చిన్న మోటార్లు సంచినిండా తెచ్చి అన్నయ్య ముందు కుమ్మరించింది.

"చెక్క కోసే మిషన్ నేనే చేస్తానన్నయ్యా. కంప్యూటర్లో కొలత ఇస్తే అదే కోసుకుపోతుంది. నువ్వు పక్కనుండి చెబితే చాలు."

"ఆ అలమర పూర్తిచేసి చూపించు. కాకపోతే షెడ్డుకి తాళం వేసెయ్," అన్నాడు అన్నయ్య, మొహం అటు తిప్పుకుని.

మోటారమ్మ పంతం పట్టిందంటే పట్టిందే. ఇనుప గొట్టాలతో చట్రం కట్టింది. మరలున్న పొడవాటి కడ్డీలు బిగించి, వాటి చివర మోటార్లు తగిలించింది. అవి తిరిగితే బల్లమీద అడ్డదూలం ముందుకీ వెనక్కీ జరిగేది. కోసే ముక్కు మాత్రం కొత్తది కాదు, అన్నయ్య చేత్తో పట్టుకుని చెక్క తొలిచే కరెంటు రూటరే. దూలానికి బిగించే ముందు దాని పిడిని ఆవిడ చేత్తో తుడిచింది.

మొదటిసారి గుండ్రం చెక్కమంటే మిషన్ కోడిగుడ్డు చెక్కింది. "ఇదీ మీ ఇంటి పిల్లేనమ్మాయ్, ఒక్క మాట వినదు!" అని వదిన పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలాకాలమైంది. మరల్లో నట్లు వదులయ్యాయని కనిపెట్టి బిగించాక గుండ్రం సరిగ్గా వచ్చింది.

ఇక సొరుగులు. వాటి ముందుపలకల కొలతలు అలమర వీపున అన్నయ్య ఎప్పుడో సుద్దతో రాసి ఉంచాడు. ఆ ఇంట్లో అన్నయ్య కొలిచినదాన్ని మళ్ళీ కొలిచే అలవాటు ఎవరికీ లేదు. కొలిస్తే అతన్ని నమ్మనట్టే. మోటారమ్మ కళ్ళు మూసుకుని ఆ అంకెలే మిషన్‌కి ఇచ్చింది. కోసిన పలక సందులో పట్టలేదు.

"నీ మిషన్ తప్పు," అన్నాడు అన్నయ్య వసారాలోంచే.

పాపం, మోటారమ్మ మిషన్ మొత్తం ఊడదీసి మళ్ళీ బిగించింది. ఈసారీ పట్టలేదు. ఇంకోసారి ఊడదీసింది, అదే తంతు. నుదురు పలకకి ఆనించి ఏడ్చింది. ఏడుస్తూనే గమనించింది: చిన్న సొరుగు పలక ఎంత ఎక్కువుందో, పెద్ద సొరుగుదీ సరిగ్గా అంతే ఎక్కువుంది. తప్పు మిషన్‌దైతే పొడుగు పెరిగేకొద్దీ తేడా పెరగాలి కదా!

మేకుకి వేలాడుతున్న అన్నయ్య కొలబద్ద తీసి తన స్టీలు స్కేలు పక్కన పెట్టింది. నాన్న వాడిన బద్ద అది. అంచు అరిగి అరిగి మొదటి గీతలు ఎగిరిపోయాయి. దాంతో కొలిస్తే ప్రతి సందూ ఉన్నదానికన్నా ఆ అరిగినంత మేర ఎక్కువ చూపిస్తుంది.

చెయ్యి పోయిన మనిషికి, నీ బద్ద కూడా తప్పని ఏ నోటితో చెప్పడం? చెప్పలేదు. అరుగుదల ఎంతో చూసి ప్రతి కొలతలోనూ తగ్గించి కోసింది. సొరుగులు జతచేసి తోస్తే మెత్తగా లోపలికి వెళ్ళాయి.

"అన్నయ్యా, ఒక్కసారి రా."

గోడ పట్టుకుని వచ్చాడు. ఎడమచేత్తో సొరుగు లాగాడు, తోశాడు. మళ్ళీ లాగి అంచు వేలితో తడిమాడు.

"బద్ద అరుగుదల తీసేశావా?"

మోటారమ్మ గిరుక్కున అతనివైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలియకేం. అన్నీ దాంతోనే కొలిచి కోసేవాణ్ణి కనక ఒకదానికొకటి సరిపోయేవి."

"మరి చెప్పలేదేం? ఎన్నిసార్లు ఊడదీశానో చూశావుగా!"

"చెబితే సొరుగులు సరిపోయేవి. సరిపోయాక ఇక్కడ నాతో పనేముంది?" అతను సొరుగు మూసేశాడు. "కుదరకూడదనే కోరుకున్నానమ్మా. నీ కష్టం చూస్తూ కూడా."

ఆవిడకి కోపం వచ్చింది. చేతిలో స్పానరు గోడకేసి కొట్టాలన్నంత కోపం. పోనీలే అనీ అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. గబగబా వెళ్ళి ఇంకో చెక్క బల్లమీద బిగించి, కాగితం ముక్క చించి అన్నయ్య ఎడమచేతిలో పెట్టింది.

"ముక్కు చెక్కని ఎక్కడ తాకుతుందో ఈ మిషన్‌కి తెలియదు. మనం చెప్పాలి. ముక్కు కింద ఈ కాగితం ఆడిస్తూ ఉండు. బిగుసుకోగానే చెప్పు, అక్కడ సున్నా పెడతాను. కొలతలన్నీ అక్కణ్ణుంచే."

ఇన్నాళ్ళూ ఆ పని ఆవిడే చేసుకుంది. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

రూటరు ఆపే ఉంది. ఆవిడ ముక్కుని వెంట్రుకవాసి చొప్పున దించుతోంది. అన్నయ్య వంగి ముక్కు కిందకి కాగితం తోశాడు. కాగితం ఆడుతోంది.

"ఇంకా... ఇంకా... కంగారుపడకే, నెమ్మదిగా!"

కాగితం ఆగింది.

"ఆపు," అన్నాడు. ఒకప్పుడు షెడ్డంతా వినబడిన గొంతు అది.

మోటారమ్మ కళ్ళు తుడుచుకుని, సున్నా నొక్కింది.