తలాపున కత్తెర

కిటికీ పక్క మంచం తలాపున, మేకుకి కత్తెర లేదు.

ఆయా సుందరి ఉప్పునీళ్ల గిన్నె కింద పెట్టేసింది. అమలాపురంలోని ఆ ఆసుపత్రిలో దవడ ఆపరేషనైతే పై పళ్లనీ కింది పళ్లనీ రబ్బరు బ్యాండ్లతో బిగించేస్తారు. వాంతి వస్తే వెంటనే తెంపాలి, లేకపోతే ఊపిరాడదు. కత్తెర అందుకే.

దుప్పటి దులిపింది. మంచం కింద వెతికింది.

"మీరు తీసేరాండీ?"

మంచం మీది లోవరాజు బిగిసిన పళ్ల మధ్య నుంచి "ఊహూఁ" అన్నాడు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కేవాళ్లని కేకేసి పిలవడం అతని పని. ఆ పంటు మీదే జారిపడి దవడ విరగ్గొట్టుకున్నాడు.

సుందరి మరో కత్తెర తెచ్చి తగిలించింది. ఆమె చూసుకున్న దవడ ఒక్కటీ చెడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నడుం దానంతటదే నిటారవుతుంది. ఇవాళ ఉద్యోగంలో ఆఖరి డ్యూటీ. ఇవాళ అసలు చెడకూడదు.

పక్క మంచం మీద పింకీ బిక్కుబిక్కుమంటోంది. రేపు ఆమెకి దవడ సరిచేసే ఆపరేషను.

"మొహం వాచిపోద్దమ్మా. ఎల్లుండికి ఇంకా వాస్తది. అద్దం అడక్కు, ఇవ్వరు. తర్వాత అదే దిగిపోద్ది. కింది పెదవి కొన్నాళ్లు మొద్దుబారి ఉంటది, కంగారుపడకు. జావ, కొబ్బరినీళ్లు, అంతే."

"మాట్లాడొచ్చా ఆంటీ?"

"పళ్ల సందులోంచే. మీ అమ్మకి ఎదురు చెప్పలేవు, ఆవిడకి పండగే."

పింకీ నవ్వింది.

"కట్లు విప్పేది కింద ఓపీలో. అట్నుంచటే ఇంటికెళ్లిపోతారు. ఇన్నేళ్లలో దవడ బాగయ్యాక ఒక్కరి గొంతూ తిన్నగా వినలేదు నేను."

నిన్న లోవరాజుకీ ఇదే చెప్పింది.

సాయంత్రం సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది.

"పంటు కదుల్తోందహో! సుందరిగారొస్తన్నారు, దారివ్వండహో!"

పై వార్డు కిటికీలోంచి వచ్చిన ఆ కేకకి ఆసుపత్రి అదిరిపడింది. సుందరి వెనక్కి పరుగెత్తింది. తలగడ మీద తెగిన బ్యాండ్లు. డాక్టర్ శిరీష అప్పటికే లోవరాజు దవడ తడుముతోంది.

"ఎముక కదల్లేదు" అంది డాక్టరు, కొత్త బ్యాండ్లు అందుకుంటూ. "ఎవరు కోశారు?"

లోవరాజు లుంగీ రొంటి నుంచి కత్తెర తీశాడు.

"నేనేనండి డాక్టరమ్మా. పొద్దున్నే దాచేసేను, ఆయ్. ఇన్ని దవడలు నిలబెట్టిన మనిషి ఒక్క గొంతూ వినకుండా ఎల్లిపోతే ఎలాగండి? మా రేవులో మేకనైనా కేకేసి సాగనంపుతాం. ఇంక కట్టేయండి. ఈ కత్తెర మటుకు ఆ మేకుకి ఆవిడ చేత్తోనే తగిలించి ఎల్లమనండి."