వగరు ద్రాక్ష

జ్వరం తగ్గి నెలలైనా గ్రేస్ నాలుకకు రుచి తిరిగి రాలేదు. మిర్యాలగూడ బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనమయ్యేది, అన్నం మీద ధ్యాసే ఉండేది కాదు. ఆ ఆదివారం తమ్ముడు జయరాజు నాసిక్ నుంచి తెచ్చిన రెండు రకాల ఎర్ర వైన్‌ను స్టీలు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోశాడు.

"ఇది గ్రెనాష్ అనే ద్రాక్షదక్కా. తియ్యగ ఉంటది."

గ్రేస్ చప్పరించింది. "నీళ్ల లెక్కనే ఉన్నదిరా."

రెండోది టెంప్రానిల్లో అనే ద్రాక్షది. జయరాజే ముందు తాగి మొహం చిట్లించాడు. "గిదేం ద్రాక్ష! పారబోస్త."

"ఆగు, జర నన్ను సూడనియ్యి."

ఒక గుక్క తాగి ఆమె కళ్లు మూసుకుంది. "వగరు... నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేస్తున్నది."

"నీకూ నచ్చలేదా?"

"నచ్చలేదు. కానీ రుచి తెలుస్తున్నదిరా" అంది నీరసంగా. కళ్లు తుడుచుకుని, ఆ గ్లాసునే మెల్లగా ఖాళీ చేసింది.