కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టు

ట్రైనింగ్ రెండో రోజున నన్ను బాధితురాలిని చేశారు. చీటీలు వేస్తే ఆ వేషం నాకు వచ్చింది. రెండో జట్టులో అదే వేషం వైసన్‌కు వచ్చింది. ఎవరి జట్టు బాగా చేస్తే వాళ్ళకు బహుమతి అన్నారు. మేజిస్ట్రేట్ల చేత, గుమాస్తాల చేత నాటకాలు వేయిస్తే ఇళ్ళలో ఆడవాళ్ళకు దెబ్బలు తగ్గుతాయని బ్లాంటైర్ నగరంలో ఎవరో తేల్చారు. నాకేం అభ్యంతరం లేదు. సరస్సు ఒడ్డున లాడ్జి, వేరేవాళ్ళు వండిపెట్టే న్సీమా ముద్ద, చేపల కూర. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి గడియ ఉన్న గది.

నా పేరు ఎనెలేసి. మా జిల్లా కోర్టులో గుమాస్తాను. వైసన్ పక్క జిల్లా గుమాస్తా, నాకన్నా చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. వాళ్ళ మేజిస్ట్రేటు లికాంగ్వే గారు కూడా వచ్చారు. రెండు జట్లలోనూ ఆయనది మేజిస్ట్రేటు వేషమే. వేరే వేషం తనకు నప్పదని ముందే చెప్పేశారు.

పాఠం చెప్పడానికి వచ్చిన లాయరు టాంబులాసి మేడమ్ పొద్దున్నే గోడ మీద తెర దించి ఒక వాక్యం చూపించింది. ‘బాధితురాలు ఏడవకపోవచ్చు. ఏడవనంత మాత్రాన అబద్ధం చెబుతున్నట్టు కాదు.’ దాన్ని అందరి చేతా గట్టిగా చదివించింది. ఆదివారం బడి పిల్లల్లాగా చదివాం. లికాంగ్వే గారి గొంతు అందరికన్నా పైకి వినిపించింది.

తర్వాత మా జట్టు నాటకం మొదలైంది. నేను వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాను.

“నీ అన్ఖోస్వే ఏడీ?” అన్నారాయన నన్ను చూడగానే.

మేడమ్ బల్ల మీద గంట టింగుమని కొట్టింది. గదంతా నవ్వు. మా పెళ్ళిళ్ళకు చెరో వైపూ పూచీగా నిలబడే మేనమామే అన్ఖోస్వే. మొగుడూ పెళ్ళాల తగువు ముందు ఆయన దగ్గరికి వెళ్ళాలి, ఆయన వెంట లేకుండా కోర్టుకు వచ్చిన ఆడదాన్ని ఇంటికి పంపేయడం అలవాటు. కొట్టే మొగుడి కేసుల్లో ఆ ప్రశ్న అడగొద్దని మేడమ్ నిన్నటి నుంచీ మొత్తుకుంటోంది.

“ఏం చెయ్యమంటారు మేడమ్, నోరు దానంతటదే అడిగేస్తుంది,” అన్నారు లికాంగ్వే గారు చెమట తుడుచుకుంటూ. “సరే, చెప్పమ్మా. ఏం జరిగింది?”

నేనేమీ కల్పించుకుని రాలేదు. కల్పించడం నాకు చేతకాదు. మొగుడు ఎలా కొడతాడో చెప్పమన్నారు, చెప్పాను.

“భోజనం అయ్యాక చేతులు కడుక్కుంటాడండీ. తువ్వాలుతో తుడుచుకుంటాడు. రేడియో సౌండు కొంచెం పెంచుతాడు. తర్వాత, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టు, అంటాడు. తీసి బల్ల మీద పెడతాను. అప్పుడు కొడతాడు.”

“కళ్ళద్దాలెందుకు?”

“పగిలితే మళ్ళీ కొనాలి కదండీ.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. లికాంగ్వే గారు వేషం వదిలేసి నా వైపు జాలిగా చూశారు.

“చూడమ్మా ఎనెలేసి, కథ బాగానే అల్లావు గానీ అతకలేదు. కోపంలో ఉన్న మగాడు కళ్ళద్దాల గురించి ఆలోచిస్తాడా? చేతికి ఏది దొరికితే దానితో బాదుతాడు గానీ! పైగా నువ్వు ఆ రోజు కేసుల పట్టీ చదివినట్టు చదివావు. కాస్త కన్నీళ్ళన్నా పెట్టుకోవద్దూ?”

తలలు ఊగాయి. మేడమ్ ఏదో అనబోయి, టైము చూసుకుని, రెండో జట్టును పిలిచింది. నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. కోపం రావాల్సిన చోటు అది. రాలేదు. చాలా కాలంగా నాకు ఏదీ రావాల్సిన చోట రావడం లేదు.

వైసన్ మేడమ్ దగ్గర చిటెంజె గుడ్డ అడిగి తీసుకుని నడుముకు చుట్టుకున్నాడు. ఇంకొకటి తల మీద కప్పుకున్నాడు. తలుపు దగ్గరి నుంచే బావురుమంటూ వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“అయ్యా! నన్ను చంపేస్తాడయ్యా! ఈ రాత్రి గడిస్తే చాలయ్యా నాకు. నేను పోతే నా బిడ్డను మీ గుమ్మంలోనే వదిలేస్తారు, అప్పుడు మీరే పెంచండయ్యా! నా తల్లి లేదు, నా దిక్కు మీరే, మీరు కాదంటే ఆ సరస్సే నా దిక్కు!”

ముందు నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. వంటవాళ్ళు గిన్నెలు వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లికాంగ్వే గారు నిజంగానే కళ్ళు ఒత్తుకున్నారు. బహుమతి వైసన్‌కే ఇచ్చారు, గుండెల మీద ట్రైనింగ్ పేరు అచ్చువేసిన చొక్కా. దాన్ని అప్పటికప్పుడే తొడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

“ఏమనుకోకక్కా. మా అమ్మమ్మ చావులకు డబ్బు పుచ్చుకోకుండా ఏడ్చేది. ఆ రక్తం మరి!”

“బాగా చేశావురా,” అన్నాను. నిజంగానే బాగా చేశాడు.

చేతులు కడుక్కుంటుంటే టాంబులాసి మేడమ్ పక్కకు వచ్చి నిలబడింది.

“ఆ కళ్ళద్దాల సంగతి మీకెక్కడిది?” అంది మెల్లగా.

“కోర్టులో ఎవరో చెబుతుంటే విన్నానండీ.”

నేను చేతులు తుడుచుకుని వచ్చేశాను.

మా ఆయన ఫోస్టినో బళ్ళో ఉపాధ్యాయుడు, చర్చిలో పాటల జట్టుకు పెద్ద. ఊళ్ళో ఆయన మీద ఈగ వాలనివ్వరు. నా అన్ఖోస్వే, అంటే మా పెద్ద మేనమామ, ఆయన పాట వినడానికే మా చర్చికి వస్తాడు. మామయ్యకు ఒకసారి చెప్పుకున్నాను. “తాగడు, తిరగడు. నీకింకేం కావాలే?” అన్నాడు. నాకు ఇంకేం కావాలో నాకే తెలియలేదు.

లాడ్జి నుంచి వచ్చిన సాయంత్రం భోజనం అయింది. ఫోస్టినో చేతులు కడుక్కున్నాడు. “లాడ్జిలో మగవాళ్ళు కూడా ఉన్నారట కదా,” అంటూ తువ్వాలు తీసుకున్నాడు. రేడియో దగ్గరికి నడిచాడు.

అప్పుడు మా అమ్మాయి టడాలా చాప మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. అరచెయ్యి తెరిచి పట్టుకుంది, అంతే. నేను కళ్ళద్దాలు తీసి దాని చేతిలో పెట్టాను. అది వాటిని గౌను అంచుతో తుడిచి, అలమరలో చక్కెర డబ్బా వెనక దాచి, తలుపు దగ్గరికి వేసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఏమీ అడగనే లేదు.

ఆ రాత్రి ఎన్ని తగిలాయో గుర్తులేదు. ఆ అరచెయ్యి మాత్రం గుర్తుంది. నా కూతురు కూడా నేర్చేసుకుంది. పెద్దయ్యాక తన కళ్ళద్దాలు తనే తీసి పెట్టుకుంటుంది. ఆయన్ని ఆ ఇంట్లోంచి పంపించాలి, లేకపోతే అది అక్కడే పెద్దదవుతుంది. భయమో ఏడుపో కాదు. లెక్క తేలినట్టు తేలింది.

కేసు వేశాను. నేను పనిచేసే కోర్టులో నా కేసు వినకూడదు. పక్క జిల్లాకు పంపారు. అలా మళ్ళీ లికాంగ్వే గారి ఎదుట నిలబడ్డాను. ఈసారి బల్ల నిజం బల్ల. పక్కన వైసన్, చేతిలో కలం.

లికాంగ్వే గారు నన్ను చూసి ఇబ్బందిగా కదిలారు.

“నీ అన్...” అని టక్కున ఆగిపోయారు. తనను చూసుకుని తనకే ముచ్చటేసింది. “అది అడగకూడదు కదా. చెప్పమ్మా, ఏం జరిగింది?”

చెప్పాను. చేతులు కడుక్కోవడం, తువ్వాలు, రేడియో. కళ్ళద్దాల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ఆగమ్మా, ఆగు. ఇది లాడ్జిలో వేసిందే కదా?”

“అవునండీ. అదే.”

“నాటకంలో చెప్పిన మాటలు తెచ్చి కోర్టులో చెబుతావా? నువ్వు కూడా కోర్టు మనిషివి, నీకు తెలియదా?” ఆయనకు కోపం రాలేదు, బాధపడ్డారు. “ఫోస్టినో గారి పాట నేను కూడా విన్నాను. అంత నెమ్మదైన మనిషి. ఏదో చిన్న తగువు అయ్యుంటుంది. ఆయన్ని కూడా పిలిపించి ఇద్దరినీ కూర్చోబెడదాం. వచ్చే నెల వాయిదా వేస్తున్నాను. అంతవరకు ఇంటికెళ్ళి...”

వైసన్ వాయిదా రాయడానికి కలం వంచాడు. నేను చూశాను. వచ్చే నెల వరకు ప్రతి సాయంత్రం టడాలా చెయ్యి చాపుతుంది.

కళ్ళద్దాలు తీసి పక్కనున్న బల్ల మీద పెట్టాను. భుజం మీది చిటెంజె తల మీదికి లాక్కున్నాను. మోకాళ్ళ మీద కూలబడ్డాను. నేల చల్లగా ఉంది.

“అయ్యా! నన్ను చంపేస్తాడయ్యా! ఈ రాత్రి గడిస్తే చాలయ్యా నాకు!”

గొంతు నాదిలాగే లేదు. వైసన్ ఎక్కడ ఊపిరి పీల్చాడో అక్కడ పీల్చాను, ఎక్కడ గొంతు పగిలిందో అక్కడ పగలగొట్టాను. బిడ్డను మీ గుమ్మంలో వదిలేస్తారన్నాను. మా అమ్మ బతికే ఉంది, అయినా నా తల్లి లేదన్నాను. ఆ జిల్లాలో సరస్సే లేదు, అయినా ఆ సరస్సే నా దిక్కన్నాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో మరి, నాకు లోపల ఏమీ కదల్లేదు.

కలం చప్పుడు ఆగిపోయింది.

“లేమ్మా, లే,” అంటున్నారు లికాంగ్వే గారు. “ఇదీ, ఇలా మనసు విప్పి చెప్పాలి గానీ! వైసన్, రాయి. ఆ మనిషి ఈ రోజే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆమె దగ్గరికి గానీ, బిడ్డ దగ్గరికి గానీ రాకూడదు. పోలీసులకు ఒక నకలు పంపు.” వెనక్కి వాలి కళ్ళు ఒత్తుకున్నారు. “ఆ ట్రైనింగ్‌కు వెళ్ళబట్టి గానీ, లేకపోతే ఈ తల్లిని ఇంటికి పంపేసేవాణ్ణి. ఇప్పుడు నిజమేదో వినగానే తెలిసిపోతోంది.”

వరండాలో వైసన్ ఉత్తర్వు తెచ్చి ఇచ్చాడు. సిరా ఇంకా ఆరలేదు. ఇచ్చి వెళ్ళిపోకుండా నిలబడ్డాడు. రెండో చేతిలో నా కళ్ళద్దాలున్నాయి. బల్ల మీదే మరిచిపోయాను.

“అక్కా, ఆ మోకాళ్ళ మీద పడటం, ఆ మాటలు... అవి నావి కదా?”

“నీవే తమ్ముడూ.”

“మరి ఇవి?” కళ్ళద్దాలు చూస్తూ అడిగాడు.

“అవి నావి.”

వాడు అరచెయ్యి తెరిచి వాటిని నా ముందుకు చాపాడు. తీసి పెట్టుకున్నాను. ఉత్తర్వు మడిచి రవికలో దోపుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరాలని మినీబస్సు కోసం నడిచాను.